పార్లరు పద్మ తెచ్చిన సంచి

2023 జూలైలో, ఒడిశాలోని కోరాపుట్‌లో వాన పట్టుకుని రెండు వారాలు దాటిన ఒక సోమవారం పొద్దున, నా క్లినిక్‌కి సెమిలిగుడ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. ఈ ఊళ్లో చర్మవైద్యం మొదలుపెట్టి అప్పటికి పదహారేళ్లు. వానాకాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తామరో, కాలివేళ్ల మధ్య ఒరుపో ఉంటుంది. మొటిమలకి మాత్రం కాలంతో పనిలేదు, ఏడాది పొడుగునా వస్తాయి. ఆ అమ్మాయి మొహం నిండా అవే. వాళ్ల పేర్లు మార్చి రాస్తున్నాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. నాది అనుమానపు బుద్ధి. మాది రాయగడ. మా తాత జమీందారీ ఎస్టేటు కచేరీలో పనిచేసిన మనిషి. మా ఇంట్లో ఎవరేం చెప్పినా, "నువ్వు కళ్లారా చూశావా?" అన్నది మొదటి ప్రశ్న. చిన్నప్పుడు కడుపునొప్పని బడి ఎగ్గొట్టాలన్నా నాన్న దగ్గర విచారణ జరిగేది. ఆ బుద్ధి చర్మం డాక్టరుకి బాగానే పనికొచ్చింది. మొహానికి ఏం రాస్తున్నావని అడిగితే నిజం చెప్పేవాళ్లు తక్కువ. "ఏమీ లేదు మేడమ్" అన్న నోటితోనే, మందుచీటీ పెట్టుకోవడానికి హ్యాండ్‌బ్యాగు తెరిచి ట్యూబు నేలమీద పడేసుకున్న వాళ్లని చూశాను.

ఆ ట్యూబులే మాకు పెద్ద తలనొప్పి. స్టీరాయిడ్ క్రీములంటే దురదకీ, కొన్ని చర్మరోగాలకీ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందులు. తెల్లబడతామని జనం వాటిని మొహానికి రాసేస్తారు. మొదట కొన్నాళ్లు మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, సన్నటి పొక్కులు మొలుస్తాయి. దాన్ని మేం స్టీరాయిడ్ యాక్నే అంటాం. మామూలు మొటిమల్లో నల్లతలవి, తెల్లతలవి, చీము పట్టినవి, మానుతున్నవి అన్నీ కలగలిసి ఉంటాయి. స్టీరాయిడ్ వల్ల వచ్చినవి ఎక్కువగా అన్నీ ఒకే ఈడువి, ఒకేసారి పుట్టినట్టు కనిపిస్తాయి.

అమ్మాయి పేరు జ్యోతి అనుకుందాం. ఇరవై నాలుగేళ్లు. నాన్నకి సెమిలిగుడలో హోల్‌సేల్ కిరాణా. విజయనగరం వైపు నుంచి వాళ్ల ముత్తాత వచ్చి స్థిరపడ్డ కుటుంబం. జ్యోతి అంతకుముందు చలికాలంలోనే కోరాపుట్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కుగా చేరింది. రోజూ బస్సులో వచ్చిపోతుంది. దవడల మీద, బుగ్గల మీద మొటిమలు, వాటి మధ్య గోటితో గిల్లిన మచ్చలు. నుదుటి మీద ఒక చోట మాత్రం సన్నటి పొక్కులు, అన్నీ ఒకే ఈడువి. నా కన్ను అక్కడే ఆగింది. మొహమంతా ఉన్నవి వదిలేసి, ఆ నాలుగు వేళ్ల మేర దాన్నే పట్టుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచమ్మా?" అని జ్యోతిని అడిగాను.

"నాలుగు నెలలవుతంది డాక్టరమ్మా," అంది తల్లి వరలక్ష్మిగారు.

"మొహానికి ఏం రాస్తున్నావు?"

"ఏటీ రాయదండి. సబ్బూ నీళ్లూ, అంతే."

"నిద్ర సరిగ్గా పడుతుందా?"

"పది కొట్టేసరికి లైటు ఆర్పేస్తది. నేనే సూస్తాను కదా."

మా తెలుగు ఇళ్లలో ఇదొక ఆనవాయితీ. పెళ్లికాని పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకొస్తే జవాబులన్నీ తల్లే చెబుతుంది. పిల్ల నేల చూస్తూ కూర్చుంటుంది. నేనూ ఆ ఇళ్లలోంచే వచ్చాను కాబట్టి నాకది వింతగా తోచలేదు. పైగా తెలుగులో మాట్లాడే డాక్టరు దొరికిందని వరలక్ష్మిగారు సంబరంగా ఉంది. నేను కేసు షీటులో నా చేత్తోనే "నిద్ర బాగుంది" అని రాసుకున్నాను.

"బ్యూటీపార్లరుకి వెళ్తావా?" అన్నాను.

ఈసారి తల్లి నోరు తెరవకముందే జ్యోతి జవాబు చెప్పింది. "మా పిన్నిదే మేడమ్. కనుబొమ్మలు మాత్రమే సేయించుకుంటాను. ఇంకేటీ లేదు."

అన్నింటికీ మౌనంగా ఉన్న పిల్ల దీనికి మాత్రం అంత తొందరపడిందేం? నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మామూలుగా ఇచ్చే పూతమందులు రాసిచ్చి, మొహానికి తగిలే ప్రతిదీ ఈసారి వచ్చేటప్పుడు తెచ్చి చూపించమన్నాను. పిన్ని పార్లరులో వాడేవి కూడా అని మరీ మరీ చెప్పాను.

మూడు రోజులకి పిన్నే వచ్చింది. పార్లరు పద్మ అంటే సెమిలిగుడలో అందరికీ తెలుసట. జంక్షన్‌లో బస్సులు ఆగే చోట, మేడ మీద ఒక్క గది. లారీ ప్రమాదంలో భర్త నడుం దెబ్బతిని ఇంట్లో పడి ఉన్నప్పటి నుంచి ఆ గదే వాళ్లకి అన్నం పెడుతోంది. లావుపాటి మనిషి, గట్టి గొంతు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కూర్చోమని నేను అనేలోపే బియ్యం సంచిలాంటి గుడ్డసంచి నా బల్ల మీద బోర్లించింది.

"సూడండి డాక్టరమ్మా. నా దుకాణంలో మొహానికి రాసేవి ఇయ్యే. ఏ డబ్బాలో ఏటుందో సదివి సెప్పండి. నా అక్క కూతురి మొహం నేను పాడుసేస్తానా?"

నేను భూతద్దం తీశాను. ఒక్కొక్క డబ్బా తిప్పి, వెనక సన్నటి అక్షరాలు చదివాను. చందనం పొడి, కలబంద జెల్లు, బ్లీచు, మసాజు క్రీము. అరగంట పట్టింది. ఆవిడ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఇరవై రెండింటిలో ఏమీ దొరకలేదు. ఇరవై మూడోది సగం అయిపోయిన ట్యూబు. స్టీరాయిడూ, చర్మాన్ని తెల్లబరిచే మందూ కలిపిన క్రీము.

"ఇదేంటి?" అన్నాను. దొంగ దొరికిందన్న సంతోషం నా గొంతులో నాకే వినిపించింది.

"అదా! బొయిపరిగుడ నుంచి ఒకమ్మి తెచ్చి, ఇది రాయక్కా అంది. నేను రాయలేదు, లాగేసుకున్నాను. అద్దం కాడ పెట్టి వచ్చినోళ్లందరికీ సూపిస్తాను, ఇది రాస్తే మొహం పోతదర్రా అని."

"సగం అయిపోయింది కదా?"

"ఆ అమ్మి తెచ్చేసరికే సగమయ్యింది."

నేను నమ్మలేదు. తప్పు చేసిన మనిషయితే ఆ ట్యూబు ఇంట్లో వదిలేసి వచ్చేది కదా అన్న ఆలోచన నాకూ వచ్చింది. దానికి జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. తెలివైనవాళ్లు అనుమానం రాకుండా ఇలాగే తెచ్చి చూపిస్తారని. ఆవిడ డబ్బాలన్నీ సంచిలో సర్దుకుని, ఆ ట్యూబు నా దగ్గరే వదిలేసి, "మీరే పారెయ్యండి," అని దిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే వరలక్ష్మిగారికి ఫోన్ చేశాను. మీ చెల్లెలి దగ్గర స్టీరాయిడ్ ట్యూబు దొరికింది, అమ్మాయిని అటు పంపకండి అన్నాను. "అదే రాసేదంటారా డాక్టరమ్మా?" అని ఆవిడ నీరసంగా అడిగింది. "ఇంకేముంటుంది?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అని పెట్టేశాను.

నెల తర్వాత తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. జ్యోతి మొహం ఇంకా పాడయింది. నేనేమైనా తడబడ్డానా? లేదు. స్టీరాయిడ్ ఆపేస్తే మొదట్లో మొహం ఇంకా రేగుతుంది, దాన్ని మేం విత్‌డ్రాయల్ అంటాం అని వివరించాను. ఆ మాట వైద్యంలో నిజమే. కానీ తగ్గితే క్రీము మానేసినందుకు తగ్గిందనేదాన్ని, పెరిగితే క్రీము మానేసినందుకు పెరిగిందన్నాను. అలాంటి అనుమానం నుంచి నిందితుడు బయటపడే దారి ఎక్కడుంటుంది? ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

"మా సెల్లి ఇంత పని సేస్తదనుకోలేదు," అని వరలక్ష్మిగారు కళ్లు తుడుచుకుంది. అక్కచెల్లెళ్లకి మాటల్లేవట. సంతలో ఎదురుపడితే ఈవిడే మొహం తిప్పుకుని వచ్చేసిందట.

"పిన్ని ఏటీ రాయలేదమ్మా," అంది జ్యోతి, వినపడీ వినపడకుండా.

"నువ్వూరుకో అమ్మీ. నీకు తెల్దు."

పిల్ల పిన్నిని కాపాడాలని చూస్తోందని అనుకున్నాను నేను.

రెండు వారాలకోసారి ఆదివారం నేను రాయగడ వెళ్తాను. మా పాత ఇంటి ముందుగదిలో కూర్చుని పేషెంట్లని చూస్తాను. సెప్టెంబరులో ఒక ఆదివారం, బట్టల దుకాణం వాళ్ల కోడలు చేతి మీద మచ్చ చూపించడానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "సెమిలిగుడలో ఏదో పార్లరులో విషం క్రీము రాస్తన్నారట కదా మేడమ్? ఒకమ్మి మొహం కాలిపోయిందట. మీరే పట్టుకున్నారట!" అంది.

సెమిలిగుడ ఎక్కడ, రాయగడ ఎక్కడ! సరుకుతో పాటు మాటా లారీ ఎక్కినట్టుంది. నేను అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. తిరుగు రైల్లో మాత్రం లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నేను చెప్పింది ఒక ట్యూబు సంగతి. విషం సంగతీ, మొహం కాలడం సంగతీ ఎవరు చేర్చారు? ఇంతకీ ఆ ట్యూబు జ్యోతి మొహం మీద రాస్తుండగా కళ్లారా చూసిందెవరు?

మూడోసారి వచ్చినప్పుడు జ్యోతి దవడ కింద గట్టి గడ్డలు కట్టాయి. వాటిని నాడ్యూల్స్ అంటాం, ఇవి మానినా గుంటలు మిగులుతాయి. ఇక పూతమందులతో లాభం లేదని, ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర మొదలుపెడదామనుకున్నాను. మంచి మందే, కానీ కడుపుతో ఉన్నవాళ్లు వాడితే బిడ్డకి అవకరాలు వస్తాయి. అందుకని ముందు కొన్ని ప్రశ్నలు అమ్మాయినే, ఒంటరిగా అడగాలి. మనసెలా ఉంది, దిగులుగా ఉంటోందా, నిద్ర ఎలా ఉంది అన్నవీ అందులో ఉంటాయి. వరలక్ష్మిగారిని బయట కూర్చోమన్నాను. ఆవిడ ఇష్టంలేకుండానే లేచింది.

నెలసరి గురించి అడిగాను, చెప్పింది. తర్వాత, "నిద్ర ఎలా ఉంది?" అన్నాను. జవాబు నాకు తెలుసన్న ధీమాతో, పెన్ను అప్పటికే ఆ గడిలో పెట్టేశాను.

"ఏ నిద్ర మేడమ్?" అంది జ్యోతి.

తలెత్తి చూశాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"పదింటికి పడుకుంటావని అమ్మ చెప్పింది కదా?"

"పడుకుంటాను. రెండింటికి లేస్తాను."

ఎందుకని అడిగితే మొత్తం బయటపెట్టింది. ఆ ఉద్యోగానికి ఒక షరతు ఉంది. ప్రొబేషన్ ముగిసేలోపు ఒడియా చదవడం, రాయడంలో పరీక్ష పాసవ్వాలి. మా తెలుగువాళ్లకి ఇక్కడ ఒడియా మాట్లాడడం నీళ్లు తాగినంత సులువు. జ్యోతి బడి మాత్రం ఇంగ్లీషు మీడియం, కాలేజీ విజయనగరం. ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదవాల్సిందే. వాళ్ల నాన్న ఉద్యోగం వచ్చిన రోజున సెమిలిగుడంతా మిఠాయిలు పంచి, "మా అమ్మికి ఒడియా వెన్నతో పెట్టిన విద్య" అని చెప్పుకున్నాడు. మొదటిసారి పరీక్ష తప్పింది. పాసయ్యానని ఇంట్లో చెప్పింది. ఇంకొక్క అవకాశమే ఉంది, అదీ పోతే ఉద్యోగం పోతుంది, అబద్ధమూ బయటపడుతుంది. అందుకని రోజూ రెండింటికి లేచి, మేడ మీద సరుకుల గదిలో తలుపేసుకుని తెల్లారేదాకా రాసుకుంటోంది. ఆరింటికి కిందకి దిగి, అప్పుడే లేచినట్టు మొహం కడుక్కుంటుంది.

"రాస్తా రాస్తా మొహం గిల్లుకుంటాను మేడమ్. నాకే తెల్దు గిల్లుతన్నట్టు."

"మరి మీ పిన్నిని అందరూ అంటుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"పిన్ని కాదని గట్టిగా సెప్తే, మరేటని అడుగుతారు కదా మేడమ్. అప్పుడు పరీక్ష సంగతి సెప్పాలి," అంది. తర్వాత ఏడ్చేసింది. "పిన్ని గట్టిది, తట్టుకుంటదనుకున్నాను. ఇప్పుడు ఎవులూ పార్లరుకి ఎల్తంలేదట."

నాకు ఒళ్లు మండిపోయింది. మొదట ఆ పిల్ల మీద, వెంటనే నా మీద. పద్మగారు ఏమీ దాచలేదు, ఆవిడ డబ్బాలు నేను చదివాను. ఈ పిల్ల దాచింది, నేను అడగలేదు. తల్లి అబద్ధమేమీ చెప్పలేదు, పదికి లైటు ఆరడం నిజమే. పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరని తెలియాల్సింది డాక్టరుకి.

ఆ రోజు మాత్ర రాయలేదు. జ్యోతికి అర్థమయ్యేలా చెప్పాను. భయంలో, ఒత్తిడిలో ఒంట్లో కార్టిజాల్ అనే హార్మోను పెరుగుతుంది. చర్మం కింద నూనె గ్రంథుల్ని అది రెచ్చగొడుతుంది. నిద్ర చాలకపోతే వాపు తగ్గాల్సినంత త్వరగా తగ్గదు. వీటికి గోళ్లు తోడయ్యాయి. నిద్ర లేకపోవడం ఒక్కటే మొటిమలు పుట్టిస్తుందని నేను ఇప్పటికీ అనను. పుట్టే గుణం ఉన్నవాళ్లని మాత్రం అది వదిలిపెట్టదు, మందుల్నీ సరిగ్గా పనిచేయనివ్వదు. నుదుటి మీద పొక్కుల సంగతి కూడా అప్పుడే తేలింది. ఆఫీసుకెళ్లేముందు తలకి దట్టంగా నూనె రాసి, జుట్టు ముందుకి అణిచి దువ్వుతోంది, మచ్చలు కనపడకుండా. ఆ నూనె చర్మరంధ్రాలు మూసేసినా అలాంటి పొక్కులే వస్తాయి.

"ఇంట్లో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

తనే చెబుతానంది. ఆ రోజు వాళ్ల నాన్న సరుకు వ్యానులో వచ్చి కింద ఎదురుచూస్తున్నాడు. ఆయన్ని పైకి పిలిపించి, వరలక్ష్మిగారినీ లోపలికి రమ్మన్నాం. నా ముందే నిలబడి మొత్తం చెప్పింది. వరలక్ష్మిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఏమంటాడోనని నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆయన తన అరచేతులు చూసుకుని నెమ్మదిగా అన్నాడు.

"ముప్పయ్యేళ్లుగా ఒడియాలోనే బేరం సేస్తన్నాను తల్లీ. ఒడియాలో నా పేరు రాయమంటే నాకు రాదు. నీకెలాగొస్తాదనుకున్నానో!"

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దాక్కుని చదవడం ఆ రోజుతో ఆగింది. ఆఫీసు నుంచి రాగానే దుకాణం అరుగు మీదే తండ్రీకూతుళ్లిద్దరూ పలకా పుస్తకం పట్టుకుని కూర్చునేవారట. కొనడానికొచ్చిన ఒడియా పంతులుగారు ఉప్పు ప్యాకెట్టు పక్కనపెట్టి తప్పులు దిద్దేవారట. పూతమందులు అవే కొనసాగించాను, రాత్రి ఏడు గంటల నిద్ర కూడా మందుచీటీలో రాశాను. చలికాలానికి గడ్డలు అణిగాయి. రెండు గుంటలు మిగిలాయి, అవి పోలేదు. పరీక్ష పాసైంది.

కానీ ఆ రోజు క్లినిక్‌లో వాళ్లు లేచి వెళ్లిపోయాక నాకింకో పని మిగిలింది. అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి అక్కడ లేదు. మర్నాడు మధ్యాహ్నం పేషెంట్లు లేకుండా చూసుకుని సెమిలిగుడ వెళ్లాను. బస్సులు ఆగే చోట దిగి, ఇరుకు మెట్లెక్కాను. రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీ. రెండోదాంట్లో ఒక టీచరమ్మ తల వెనక్కి వాల్చి కూర్చుంది. పద్మగారు థ్రెడింగ్ చేస్తోంది, దారం కొస పళ్ల మధ్య బిగించి, రెండు చేతులతో కనుబొమ్మ మీద ఆడిస్తోంది. నన్ను చూసినా పని ఆపలేదు.

టీచరమ్మ వినాలనే గట్టిగా చెప్పాను. "పద్మగారూ, మీ క్రీములేవీ జ్యోతి మొహాన్ని పాడుచేయలేదు. మీ మీద నింద వేసింది నేను. తప్పు నాదే. మీ అక్కయ్యకీ చెప్పాను, అడిగినవాళ్లందరికీ చెబుతాను."

పళ్లలో దారం ఉంది కాబట్టి ఆవిడ జవాబు చెప్పలేదు. కనుబొమ్మ పూర్తయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను. అంత పొడుగు కనుబొమ్మ నేనెప్పుడూ చూడలేదు. టీచరమ్మ నా వైపోసారి, ఆవిడ వైపోసారి చూసి, అద్దం కూడా చూసుకోకుండా డబ్బులిచ్చి వెళ్లిపోయింది. సాయంత్రానికి సెమిలిగుడంతా తెలుస్తుందని నాకు ధైర్యం కలిగింది.

"ఫోన్లో సెప్పినంత సులువుగా రాలేదు కదా డాక్టరమ్మా మాట," అంది పద్మగారు. "మెట్లెక్కాల్సొచ్చింది."

"అవును. అసలు సంగతి, జ్యోతికి ఆరేడు నెలలుగా నిద్ర లేదు."

"నాకు తెలుసు."

"తెలుసా? ఎలా?"

"ఈ కుర్సీలో కూకోబెట్టి దారం పెడితే సాలు, నిద్దరోయేది. దారం లాగితే ఎవులికైనా కళ్లంట నీళ్లొస్తాయి. ఆ అమ్మి గురక పెట్టేది. పాపం, లేపబుద్ధి కాక అలాగే కూకోనిచ్చేదాన్ని."

ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. "మరి ఆ రోజు సంచి పట్టుకుని వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పలేదేం? అరగంట నా ఎదురుగా కూర్చున్నారే!"

పద్మగారు చేతిలోని దారం తెంపి, ఉండచుట్టి బుట్టలో వేసింది. "మీరు డబ్బాల మీద రాసింది సదువుతా ఉన్నారు కదా డాక్టరమ్మా," అంది. "అమ్మి గురించి నన్ను ఏటీ అడగలేదు."